పుట్టింటి నూలుపోగు

హోసూరులో కిరాణా కొట్టు బద్రీనాథ్ భార్య అమ్మణి నోట్లో నువ్వుగింజ నానదని ఆ వీధిలో పాలు పోసేవాడికి కూడా తెలుసు. నోరు ఒక్కటే అయితే సరే, కళ్ళూ చెవులూ కూడా దానికి తోడు. ఎదురింటి మేడమీద ఆరేసిన బట్టలు చూసి ఆ ఇంటికి చుట్టాలెవరొచ్చారో, ఎన్నాళ్ళు ఉంటారో చెప్పేయగలదు. ఏ ఇంటి సంగతైనా తనకు తెలియకుండా మిగిలిపోయిందా, ఇక అన్నం సయించదు.

అలాంటి మనిషి ఒక బుధవారం పొద్దున చేతిసంచి చంకన పెట్టుకుని, ఎవరికీ నిజం చెప్పకుండా కృష్ణగిరి బస్సెక్కింది. మొగుడితో మోకాళ్ళ డాక్టరు దగ్గరికన్నది. కోడలితో పెళ్ళి పలకరింపుకన్నది. ఆ ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే తను దొరికిపోతుందన్న ఆలోచన బస్సు శూలగిరి దాటాక గానీ రాలేదు. అబద్ధం ఆడే అలవాటు లేనివాళ్ళు ఆడితే ఇలాగే ఉంటుంది మరి.

ఆమె పోతున్నది పసిబిడ్డకు బొంత కుట్టించడానికి గుడ్డ కొనడానికి. హోసూరులో గుడ్డల అంగళ్ళు లేవా? లేకేం, కావలసినన్ని. కానీ అక్కడ ఏ అంగట్లో బొంత మాటెత్తినా పక్కనున్న నలుగురు ఆడవాళ్ళు తల తిప్పుతారు. "ఏం అమ్మణమ్మా, బొంత నువ్వు కొంటాండావేమి? కోడలి పుట్టింటోళ్ళు తేలేదా?" అని అడుగుతారు. వాళ్ళ జాగాలో తనుంటే తప్పకుండా అడిగేది కాబట్టి ఆ సంగతి అమ్మణికి బాగా తెలుసు.

ఆ వైపున బిడ్డను మొదటిసారి ఉయ్యాలలో వేసేటప్పుడు కింద పరిచే బొంత తల్లి పుట్టింటినుంచి రావాలి. అమ్మమ్మ తను కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు మడతలు వేసి, చేత్తో కుట్టి తేవాలి. వెండి గిలకలు ఎవరు తెచ్చినా తేకపోయినా ఎవరూ పట్టించుకోరు. బొంత రాకపోతే మాత్రం బిడ్డకు అమ్మమ్మ లేనట్టే లెక్క.

అమ్మణి కోడలు మోనిషాకు అమ్మ ఉంది. రాయకోట దగ్గర టమాటా తోటలు చేసే శేషప్ప, అంజనమ్మల ఒక్కగానొక్క కూతురు ఆ పిల్ల. హోసూరు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తూ అమ్మణి కొడుకు దర్శన్‌ను ఇష్టపడింది. కులాలు వేరు. శేషప్ప కుదరదన్నాడు. పిల్ల కట్టుబట్టలతో వచ్చేసి రిజిస్టరాఫీసులో పెళ్ళి చేసుకుంది. అమ్మణి కూడా ఊరుకోలేదు, నెల రోజులు మూతి ముడుచుకుంది. అయితే ముడుచుకున్న మూతితో మాట్లాడడం కష్టం కదా, అందుకని విప్పేసింది. విప్పాక ఆ పిల్ల లేకుండా ఆమెకు కాఫీ కూడా దిగదు. రాయకోట వాళ్ళు మాత్రం ఈ మూడేళ్ళలో ఒక్కసారి ఫోన్ కూడా చేయలేదు.

ఇప్పుడు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఉయ్యాలలో వేసేది పై నెల మొదటి ఆదివారం అనుకున్నారు. మోనిషా బొంత మాట ఎత్తలేదు. "ఆ పొద్దు ఎవరెవరు వస్తారత్తా?" అని మాత్రం అడిగింది. అమ్మణి పేర్లు చెబుతూ పోతే వింటూనే ఉంది, చివరిదాకా విని "సరి" అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ 'సరి' విన్నప్పటినుంచి అమ్మణి మనసు మనసులో లేదు. కన్నతల్లి అయ్యుండి ఆ అంజనమ్మకు చేతులెలా ఊరుకున్నాయో అడగాలని, ఎప్పుడైనా కనబడితే నాలుగు కడిగేయాలని, ఆమె మూడేళ్ళుగా మాటలు కూడబెట్టుకుంటూ వస్తోంది. ఆ మాటలు ప్రస్తుతానికి ఎవరికీ పనికిరావు. ఉయ్యాల మాత్రం బోసిగా ఉండకూడదు.

కృష్ణగిరి పాతపేటలో ఆమె చిన్నమ్మ కొడుకు గిరిప్రసాద్‌కు కట్ పీసుల అంగడి ఉంది. ఇరుకు అంగడి, నేలమీద పరుపు, మూడు వైపులా కప్పుదాకా గుడ్డల తానులు. అమ్మణి పరుపు మీద ఒక మూల కూర్చుని, నీళ్ళు తాగి, తమ్ముడికి విషయం పూర్తిగా చెప్పి, ఎవరికీ చెప్పొద్దని వాడిని ఒప్పించి, తెల్లటి మల్లు అనే పల్చటి నూలు గుడ్డ ఒకటి ఒళ్ళో వేసుకుని చూస్తూ ఉండగా మరో ఆడమనిషి చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.

"పసిబిడ్డకు బొంత కుట్టేదానికి గుడ్డ కావల్లప్పా. మెత్తగా ఉండల్ల" అన్నదామె.

బొంత అన్న మాటకు అమ్మణి చెవులు నిక్కబొడుచుకున్నాయి. గిరిప్రసాద్ పూల మల్లు పరిచాడు. ఆమె గుడ్డ కొనను వేళ్ళమధ్య పట్టి నలిపింది, మణికట్టు లోపలివైపు రుద్దుకుంది, ఆ తర్వాత చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకుంది. "గరుకుగా ఉండాది" అని పక్కన పెట్టింది. ఇంకొకటి. అదీ అంతే. గళ్ళది, చుక్కలది, పసుపుది, లేత ఆకుపచ్చది. పట్టుకునేది, చెంపకు పెట్టుకునేది, తల అడ్డంగా ఊపేది. పరుపు మీద గుడ్డల గుట్ట లేచింది.

"అమ్మా, దీనికన్నా మెత్తటిది కావాలంటే మబ్బులో దొరకల్ల" అన్నాడు గిరిప్రసాద్.

ఆమె నవ్వింది. ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. ఆ సొట్ట చూడగానే అమ్మణి ముందుకు వంగి చూసింది. మోనిషా ఫోన్‌లో ఉన్న ఒకే ఒక ఫోటో ఆమె చాలాసార్లు చూసింది, టమాటా గంపల పక్కన ఇదే నవ్వుతో నిలబడిన మనిషిని. ఇప్పుడు కాస్త చిక్కింది, చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. కానీ ఆమే. అంజనమ్మే!

అరికాలి మంట నెత్తికెక్కింది అమ్మణికి. కూడబెట్టుకున్న మాటలన్నీ గొంతుదాకా వచ్చాయి. వచ్చినవి అక్కడే ఆగిపోయాయి, ఎందుకంటే కోపం కన్నా ముందు ఇంకొకటి అడ్డుపడింది. ఇన్నేళ్ళు మొహం చూపని మనిషి ఇప్పుడు బొంత గుడ్డ ఎవరికోసం కొంటోంది? కూతురికోసమేనా? అయితే ఇంత దూరం ఎందుకొచ్చింది? రాయకోటలో అంగళ్ళు లేవా? అసలు ఇంట్లో పాత చీరలు పెట్టుకుని కొత్త గుడ్డ కొనడమేంటి? ఇన్ని ప్రశ్నలకు జవాబు తెలియకుండా తిట్టడం మొదలుపెడితే ఆ జవాబులు ఎప్పటికీ దొరకవు. తనెవరో చెబితే ఈ మనిషి లేచి వెళ్ళిపోతుంది. అమ్మణి నోరు మూసుకుంది. తమ్ముడు గిరిప్రసాద్ ఆ వింత చూసి ఆమెకు ఒంట్లో బాగాలేదేమోనని ఫ్యాన్ పెంచాడు.

చివరికి అంజనమ్మ తెల్లటి మల్లు ఒకటి, లేత గులాబీది ఒకటి ఎంచుకుంది. సూది, దారపుండ కూడా అడిగింది. ఆ తర్వాత ఆమె అడిగింది విని గిరిప్రసాద్ చేతిలో కత్తెర ఆగిపోయింది.

"అప్పా, ఈ గుడ్డ మా ఇంటి గడప తొక్కగూడదు. దినమూ వచ్చి ఈడనే ఒక మూల కూచ్చోని కుట్టుకుంటా. అయిపోయినాక ఎవురి చేతనన్నా అనుకున్న తావుకు పంపించేస్తా. ఒప్పుకుంటావా?"

"ఇంట్లో కుట్టుకుంటే ఏమమ్మా?" అన్నాడు వాడు.

"కుదర్దు."

ఇక అమ్మణి వల్ల కాలేదు. పరుపు మీదనే జరిగి జరిగి ఆమె పక్కకు చేరింది. "ఏమ్మా, నేనూ బొంతకే వచ్చినాను. మాది హోసూరు. గుడ్డ గడప తొక్కగూడదంటే ఎట్ల? మైల ఏమన్నా ఉండాదా?" అని మెల్లగా మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎవరికి బొంత అని, బిడ్డ ఏ ఊర్లో ఉంది అని, ఒకదాని వెనక ఒకటి. అంజనమ్మ మొదట చుట్టాల పిల్లకన్నది. తర్వాత దగ్గరి చుట్టాలన్నది. ఆపైన గుడ్డ కొనను చుట్టి విప్పి చుట్టి, "నా కూతురికేనమ్మా" అనేసింది. అమ్మణి అడిగితే రాయి కూడా చెబుతుంది.

"బిడ్డ పుట్టిందని సంతలో ఎవురో చెప్పినారు. మేము మాటాడుకోము. అది ఇల్లు విడిచిపెట్టి పోయిన పొద్దు మా ఇంటాయన నా చెయ్యి తీసి తన తలమీద పెట్టుకున్నాడు. ఈ ఇంటి నూలుపోగు కూడా ఆ ఇంటికి పోగూడదు, పోతే నా తల పగిలినట్టే అని ఒట్టు పెట్టించుకున్నాడు. నేను ఏం చేసేది? ఆ పక్క బిడ్డ, ఈ పక్క మొగుడి తల."

"అందుకని?"

"అందుకనే ఈడికొచ్చినాను. గుడ్డ అంగడిది, దారం అంగడిది, సూది అంగడిది. మా గడప తొక్కనే లేదు. ఈడ కుట్టి ఈడనుంచే పంపిస్తే అది మా ఇంటి నూలుపోగు ఎట్లవుతుంది? ఒట్టు తప్పినట్టు కాదు గదమ్మా?"

అమ్మణి వ్యాపారస్తుల ఇంట పుట్టి వ్యాపారస్తుల ఇంట మెట్టిన మనిషి. అన్ని రకాల బేరాలూ చూసింది. ఒట్టుతో బేరమాడిన మనిషిని మాత్రం ఇదే చూడడం. నవ్వొచ్చింది. ఈమెనా తను మూడేళ్ళు రాతిగుండె అని తిట్టుకున్నది!

"నువ్వు కుట్టిందని నీ కూతురికి తెలియకపోతే లాభమేముందమ్మా?"

"తెలియకపోతే పోనీ. బిడ్డ పండుకుంటుంది గదా దానిమీద."

అంజనమ్మే మళ్ళీ అన్నది, ఈసారి తనలో తను అనుకున్నట్టు. "కొత్త గుడ్డ పసిబిడ్డ ఒంటికి తగలగూడదని నాకు తెలీదా? గంజి పోదు, గీరుకుంటుంది. దేన్ని తాకినా గరుకుగానే ఉండాది. పాత గుడ్డ యాడ తెచ్చేది? పాతది ఏ అంగట్లోనూ అమ్మరు. పాతదంటే ఇంటిదే గదా."

ఇదీ ఆమె చిక్కు. ఇంట్లోది వాడితే మొగుడి తల, అంగట్లోది వాడితే బిడ్డ ఒళ్ళు. గిరిప్రసాద్ మధ్యలో కల్పించుకుని, స్టీలు గిన్నెలకు పాత బట్టలు తీసుకునేవాళ్ళ దగ్గర దొరుకుతాయి కదా అని ఒక సలహా పారేశాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి వాడివైపు చూసిన చూపుకు వాడు తానులు సర్దడంలో పడ్డాడు. ఎవరు కట్టి విడిచారో తెలియని బట్టమీద బిడ్డను పడుకోబెడతారా ఎవరైనా?

"నా పాత చీరలు ఉండాయి" అన్నది అమ్మణి. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆమెకు కాస్త ఆలస్యంగా తెలిసింది. "అన్నీ నూలువే. ఉతికి ఉతికి వెన్న మాదిరి అయినాయి. నేను తెచ్చిస్తా, నువ్వు కుట్టు. మీ ఇంటి నూలుపోగు కాదు, ఎవురు కట్టిందో కూడా నీకు తెలుస్తుంది. నేనే."

అంజనమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకుని, కాసేపటికి, గొంతు తగ్గించి అడిగింది. "మీది హోసూరంటిరే. ఆడ బద్రీనాథ్ అని కిరాణా కొట్టాయన, తెలుసునా? నా కూతురు ఆ ఇంట్లోనే పడింది. అత్త ఆయమ్మ ఎట్లాంటిదో మీరేమన్నా విన్నారా? నోరు శానా పెద్దదంట. పిల్లను బాగా చూసుకుంటుందో లేదో."

తానుల వెనక గిరిప్రసాద్‌కు పొలమారింది. అమ్మణికి తన జన్మలో ఇంత కష్టమైన ప్రశ్న ఎదురుకాలేదు. ఆ అత్త బంగారమని చెప్పుకుందామా అంటే నోరు రాదు, చెడ్డదని చెప్పుకుందామా అంటే మనసు రాదు.

"నోరు పెద్దదే" అన్నది చివరికి. "కానీ నీ కూతురికి వేడినీళ్ళు ఆయమ్మే పెడుతుంది. కారం తగలకుండా పత్తెం కూడు ఆయమ్మే వండి పెడుతుంది. విన్నానులే."

"అట్లనా" అన్నది అంజనమ్మ. అన్నాక కొంగుతో మొహం తుడుచుకుని, శుక్రవారం వస్తానని లేచింది.

శుక్రవారం దాకా ఆ రహస్యాన్ని కడుపులో పెట్టుకుని అమ్మణి పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. కోడలి మంచం పక్కన కూర్చుంటే నోరు దురద పెట్టేది. లేచి వంటింట్లోకి పోయి ఏదో ఒకటి నమిలేది. చెప్పేస్తే? చెప్పాక ఆ అంజనమ్మ భయపడి వెనక్కి తగ్గితే? పిల్ల ఆశపడి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటే? వద్దు, బొంత చేతికొచ్చాకే చెప్పాలి. శుక్రవారం పొద్దున మోనిషా స్నానానికి పోయిన సందు చూసి, అలమరా కింది అరలో పాత నూలు బట్టలు కట్టిపెట్టిన మూట ఉన్నదున్నట్టుగా లాగి సంచిలో కుక్కుకుని బయటపడింది. విప్పి చూసుకునే తీరిక ఎక్కడిది?

అంజనమ్మ అప్పటికే అంగట్లో కూర్చుని ఉంది. మూట చూడగానే ఆమె మొహం విప్పారింది. పరుపు మీద విప్పి ఒక్కొక్కటే తీసింది. గంధం రంగు చీర చెంపకు ఆనించుకుని, "ఆ! ఇదీ మెత్తనంటే" అన్నది. తర్వాత జరీ ఊడిన ఆకుపచ్చది. ఆపైన నీలం మీద తెల్ల చుక్కల చుంగిడి గుడ్డ ఒకటి. దాన్ని చెంపదాకా తీసుకుపోయి, అక్కడే ఆగింది. కిందికి దించి అంచు తిరగేసింది. అంచు కుట్టును వేలితో తడుముకుంటూ ఆ కొననుంచి ఈ కొనదాకా పోయింది.

"ఇది చీర కాదే" అన్నది. "చున్నీ. ఇది యాడిదమ్మా మీకు?"

అమ్మణి వంగి చూసింది. ఆ గుడ్డ తనది కాదు. ఇంటి మూటలోకి ఎలా వచ్చిందా అని ఆలోచించే లోపల సంచిలో ఫోన్ మోగింది. అమ్మణికి ఫోన్ చెవికి పెట్టుకునే అలవాటు లేదు, ఎవరు చేసినా స్పీకర్ వేసి దూరంగా పట్టుకుని మాట్లాడుతుంది. చెయ్యి తన అలవాటు ప్రకారం స్పీకర్ మీదికి పోయింది.

"అత్తా!" అన్నది మోనిషా గొంతు, అంగడంతా వినబడేలా. "అలమరాలో మూట ఉండె, యాడ పెట్టినావు? దాంట్లో నా నీలం చున్నీ ఉండాది. పాతదని ఎవురికన్నా ఇచ్చేసినావా ఏమి? ఇయ్యొద్దత్తా. అది మా అమ్మ చీర. చించి నాకు చున్నీ కుట్టిచ్చింది. ఆ ఇంటినుంచి నేను తెచ్చుకున్నది అదొక్కటే. పాపను ఉయ్యాల తొట్టిలో వేసేటప్పుడు దాన్నే మడిచి కింద పరుస్తామని పెట్టుకున్నాను. బొంత ఎట్లానూ రాదు గదా..."

వెనకనుంచి పాప ఏడ్చింది. సన్నగా, ఆగి ఆగి.

"ఉండాది, భద్రంగా ఉండాది" అన్నది అమ్మణి. ఫోన్ పెట్టేసింది.

అంజనమ్మ చున్నీ ఒళ్ళో పెట్టుకుని, ఆగిపోయిన ఫోన్ వైపే చూస్తోంది. తానుల వెనక గిరిప్రసాద్ ఎవరూ అడగని గుడ్డను మూరలు వేసి కొలుస్తున్నాడు.

"నువ్వేనా ఆ అత్త?"

"నేనే."

"తెలిసే నాతో మాటాడించినావా? నా ఒట్టు, నా బాధ అంతా ఇని, ఏమీ తెలీనట్ల కూచ్చున్నావా?"

మామూలుగా అయితే ఒక మాటకు పది మాటలు అప్పజెప్పే అమ్మణి తల వంచుకుంది. "చెప్పింటే నువ్వు లేచి బయటికి పోయేదానివి" అన్నది. ఇంకేమనాలో తెలియక, లోపలున్నది ఉన్నట్టు చెప్పేసింది. "నిన్ను శానా తిట్టుకున్నానమ్మా. కనబడితే మొహం మీదనే అడగల్లనుకున్నాను. నీ కూతురు ఆ పొద్దు ఎవరెవరు వస్తారత్తా అని అడిగింది. నీ పేరు చెప్తానేమో అని చివరిదాకా ఇనింది. నేను చెప్పలేదు, నాకు నువ్వు వస్తావని తెలీదు గదా. అప్పుడు గోడపక్క తిరుక్కుంది. ఆ అటు తిరిగిన వీపు నేను చూడలేకపోయినాను. అందుకే వచ్చినాను ఈడికి."

అంజనమ్మ ఏడ్చింది. గుడ్డల అంగడి, రోడ్డు మీద జనం అని చూసుకోకుండా, చున్నీలో మొహం పెట్టుకుని ఏడ్చింది. అమ్మణి ఆమె వీపు మీద చెయ్యి వేసింది, తనూ ముక్కు ఎగబీల్చింది. చాలాసేపటికి అంజనమ్మ తల ఎత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఆ కళ్ళలో ఏదో లెక్క నడుస్తోంది.

"వదినా" అన్నది. వియ్యపురాలిని పిలవవలసిన పిలుపు మూడేళ్ళకు అమ్మణి చెవిన పడింది. "ఈ గుడ్డ నా చీరే గదా?"

"నీదే."

"నా చీరంటే మా ఇంటి నూలుపోగే గదా? దీన్ని ఏసుకోనే గదా అది మీ గడప తొక్కింది? ఒట్టు పెట్టిన పొద్దునుంచి ఈ పొద్దుదాకా ఇది మీ ఇంట్లోనే గదా ఉండేది?"

"అవును."

"అయితే ఆ ఒట్టు నిలిచిందే లేదు. మూడేండ్లుగా తప్పిపోయే ఉండాది." ఆమె గొంతు పెరిగింది. "మా ఇంటాయన తల పగలాల గదా మరి? పగల్లేదే! తోటకు పోతాడు, రాగిముద్ద రెండు తింటాడు, ఊరంతా ఇనపడేట్ల అరుస్తాడు. పగిలేది అట్లుండనీ, ఈ మూడేండ్లలో ఆయప్పకు తలనొప్పి కూడా రాలేదు!"

అమ్మణికి నవ్వు ఆగలేదు. అంజనమ్మకు ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వుతుంటే, తానుల వెనకనుంచి గిరిప్రసాద్ తొంగిచూసి, ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తేల్చుకోలేక మళ్ళీ వెనక్కి పోయాడు.

నవ్వు తగ్గాక అంజనమ్మ మూట మళ్ళీ కట్టింది. గంధం రంగు చీర, ఆకుపచ్చది, అన్నిటి మధ్యలో చున్నీ. "ఈడ కుట్టను వదినా. ఇంటికి తీసుకోని పోతా. నా చీరలు కూడా చేర్చి, ఆయప్ప ఎదురుంగానే కూచ్చోని కుడతా. తల పగిలితే ఆస్పత్రికి తీసుకోని పోతాను" అన్నది. అంటూనే చెప్పులేసుకుని రాయకోట బస్సుకు పరిగెత్తింది.

ఆమె పోయాక అమ్మణికి ఒక సంగతి తట్టింది. ఫోన్ నంబరు అడగలేదు. ఎవరినైనా ఏదైనా అడగడం ఆమె మరిచిపోవడం ఇదే మొదలు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. చున్నీ ఏదని మోనిషా అడిగితే, చిరుగుంటే టైలరుకిచ్చానన్నది. లోపల భయం పట్టుకుంది. శేషప్ప ఒప్పుకోకపోతే? మూట లాక్కుని పారేస్తే? బొంత రాకపోగా, పిల్ల దాచుకున్న ఆ ఒక్క గుడ్డ కూడా పోతుంది, పోగొట్టింది తనే అవుతుంది. రాయకోటనుంచి వచ్చే టమాటా వ్యాన్ల వాళ్ళను కొట్టు దగ్గర ఆపి, శేషప్ప తెలుసా, ఆరోగ్యంగా ఉన్నాడా అని ఆరా తీసింది. ఉన్నాడన్నారు. తల సంగతి మాత్రం ఎవరూ విడిగా చెప్పలేదు.

ఆదివారం వచ్చింది. ఉయ్యాలకు రోజా దండలు చుట్టారు. వీధిలో ఆడవాళ్ళంతా చేరారు, అందరి కళ్ళూ ఉయ్యాల లోపలే. "టైమాయ, పాపను ఏయండమ్మా" అన్నారెవరో. అమ్మణి యమగండం పోనీ అన్నది. ఎదురింటి తిమ్మక్క గడియారం చూసి, యమగండానికి ఇంకా ఎంతో టైముందే అన్నది. అయితే అది వచ్చి పోనీ అన్నది అమ్మణి. జనం మొహాలు చూసుకున్నారు. మోనిషా పాపను ఎత్తుకుని నిలబడి, "ఎందుకత్తా ఆపుతాండావు? ఆ చున్నీ ఇచ్చెయ్, అదే పరుస్తాము" అన్నది. అమ్మణి వీధి గుమ్మం వైపు చూసింది.

వీధిలో ఆటో ఆగింది. చేతిలో మూటతో ఒక ఆడమనిషి దిగి, గడప దగ్గర ఒక్క క్షణం ఆగి, కుడికాలు లోపల పెట్టింది.

మోనిషా చూసింది. చూసి పాపతో సహా రెండడుగులు ముందుకు వేసింది. అంజనమ్మ కూతురి మొహం చూడలేక మూట విప్పింది. చేతి కుట్లు దగ్గర దగ్గరగా, వరసలు వరసలుగా పరుచుకున్న బొంత. ఒక పక్క గంధం రంగు, ఒక పక్క రాయకోట చీరల ఎరుపు, నడుమ నీలం మీద తెల్ల చుక్కలు. మోనిషా ఆ చుక్కల మీద చెయ్యి పెట్టింది. తల ఎత్తి వాళ్ళమ్మను అడిగింది.

"నాయనకు తెలుసునా?"

"నాకు సూది బెజ్జం ఆనదని నీకు తెలీదా?" అన్నది అంజనమ్మ. "ఇంత బొంత కుట్టినానంటే దారం ఎక్కించిచ్చేవాళ్ళు ఒకరు ఉండల్ల గదా. మొదట అడిగినప్పుడు మీ నాయన మాటాడకుండా లేచి బయటికి పోయినాడు. మళ్ళా వచ్చి, మొహం అట్ల తిప్పుకోని ఎక్కించిచ్చినాడు. ఆ ఎనక దినమూ అంతే. నిన్న పొద్దున చూస్తే, నేను అడగకముందే సూదులన్నిట్లోనూ ఎక్కించి దారపుండకు గుచ్చి పెట్టినాడు."

మోనిషా పాపను వాళ్ళమ్మ చేతుల్లో పెట్టింది.